బ్లర్ అయిన మొహాలు: చీకట్లో తీసిన ఫోటోల 180 ఏళ్ల కథ

ఈ ఎపిసోడ్‌లో మీరు డిలీట్ చేసే ఫోటోల గురించి మాట్లాడుకుందాం.

భోగి రోజు తెల్లవారుజామున మంట దగ్గర నాయనమ్మ ఎవరితోనో మాట్లాడుతూ నవ్వి తల తిప్పింది అనుకోండి. మీరు ఫోన్ తీసి నొక్కారు. మంట బాగానే వచ్చింది, వెనకున్న గోడ బాగానే వచ్చింది, నాయనమ్మ మొహం మాత్రం ఎవరో తడి వేలితో పక్కకి లాగినట్టు వచ్చింది. "ఛ, బ్లర్ వచ్చింది" అని తీసేసి, "నాయనమ్మా, కదలకుండా ఇటు చూడు" అన్నారు. రెండో ఫోటో షార్ప్‌గా వచ్చింది. అందులో నాయనమ్మ ఆధార్ కార్డులో ఉన్నట్టు ఉంది.

ఆ తీసేసిన మొదటి ఫోటోకి పెద్ద చరిత్ర ఉంది. దాన్ని తిట్టినవాళ్లున్నారు, కావాలని అలాగే తీసి గొడవలు పడినవాళ్లున్నారు, చివరికి దాన్ని రైలు టికెట్లు అమ్మడానికి వాడుకున్నవాళ్లూ ఉన్నారు.

ముందు ఒక చిన్న లెక్క. బీటెక్ బుద్ధి, లెక్క లేకుండా మొదలుపెట్టలేను. మాట్లాడుతూ తల తిప్పే మనిషి మొహం సెకనుకి ఓ 30 సెంటీమీటర్లు కదులుతుంది అనుకుందాం. షట్టర్ 1/300 సెకను తెరుచుకుంటే ఆ కాస్త టైమ్‌లో మొహం కదిలేది ఒక్క మిల్లీమీటరు. ఫోటోలో తెలియదు. 1/60 అయితే అర సెంటీమీటరు, కనురెప్పల వెంట్రుకలు పోతాయి. 1/15 అయితే 2 సెంటీమీటర్లు, అంటే ఇంచుమించు కంటి వెడల్పు. అర సెకను అయితే 15 సెంటీమీటర్లు, మొహం మీద మొహం పడిపోతుంది. వెలుతురు తక్కువైతే కెమెరా షట్టర్‌ని ఎక్కువసేపు తెరిచి ఉంచాలి, తెరిచి ఉంచినంతసేపూ మనిషి కదులుతూనే ఉంటాడు. సమస్య మొత్తం ఇదే.

ఇంకో విషయం. మనం అన్నిటినీ కలిపి "బ్లర్" అనేస్తాం గానీ అందులో మూడు రకాలున్నాయి. మీ చెయ్యి వణికితే ఫోటో మొత్తం ఒకే దిక్కుకి సాగుతుంది. ఫోకస్ తప్పితే మెత్తగా ఉబ్బినట్టు వస్తుంది. మనిషి కదిలితే మనిషి మాత్రమే సాగుతాడు, గోడ గోడలాగే ఉంటుంది. ఈ మూడోదాన్నే మోషన్ బ్లర్ అంటాం. ఇవాళ్టి కథ ఎక్కువగా దాని గురించే, మధ్యలో మిగతా రెండూ వచ్చి కలుస్తుంటాయి.

ఇప్పుడు 1838కి వెళ్దాం. పారిస్. లూయీ డాగేర్ అనే ఆయన తన కిటికీలోంచి కింద రోడ్డుని ఫోటో తీశాడు. వెండి పూసిన రాగి రేకు మీద తీసే పద్ధతి అది. రోడ్డు పేరు బూలవార్ దు టాంపుల్. రద్దీ రోడ్డు, బళ్లు, గుర్రాలు, జనం. ఫోటోలో మాత్రం కర్ఫ్యూ పెట్టినట్టు ఖాళీగా ఉంటుంది. ఎక్స్‌పోజర్ కొన్ని నిమిషాలు పట్టింది కాబట్టి నడిచేవాళ్లు, బళ్లు ఎవరూ రేకు మీద నిలవలేదు. ఒక మూల మాత్రం ఒకాయన కాలు ఎత్తి బూట్లు పాలిష్ చేయించుకుంటున్నాడు. కాసేపు అక్కడే నిలబడ్డాడు కాబట్టి దొరికిపోయాడు. ఫోటోలో కనిపించిన తొలి మనుషుల్లో ఆయన ఒకడని చెప్తారు.

1839లో ఈ ఫోటోని శామ్యూల్ మోర్స్ చూశాడు. అవును, మోర్స్ కోడ్ మోర్స్. ఆయన పెయింటర్ కూడా. చూసి అమెరికాలో ఉన్న తమ్ముడికి ఉత్తరం రాశాడు: ఆ మనిషి బూట్లు, కాళ్లు స్పష్టంగా ఉన్నాయి, ఒళ్లు, తల మాత్రం కదిలాయి కాబట్టి లేవు అని. ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. ఫోటోలోకి మొట్టమొదటగా వచ్చిన మనిషికి తనని ఫోటో తీస్తున్నారని తెలియదు, పోజు ఇవ్వలేదు, పైగా సగం బ్లర్ అయ్యాడు. క్యాండిడ్ మోషన్ బ్లర్ పోర్ట్రెయిట్! పాలిష్ చేస్తున్నవాడు ఇంకా మసకగా ఉంటాడు, ఎందుకంటే పని చేస్తున్నది వాడు.

"అది పగలు కదా, లో లైట్ ఎలా అవుతుంది" అని అడుగుతారు. ఆ రేకుకి మిట్టమధ్యాహ్నం కూడా చీకటే. సెన్సిటివిటీ అంత తక్కువ. మన ఫోన్‌కి రాత్రి పదింటికి వీధిలైటు కింద ఎదురయ్యే ఇబ్బంది, ఆ రేకుకి ఎండలోనే ఎదురైంది.

తర్వాత పాతికేళ్లు అందరూ చేసింది కదలికతో యుద్ధం. 1840లో వియన్నాలో పెట్స్వాల్ అనే ప్రొఫెసర్ లెక్కలు కట్టి సుమారు ఎఫ్/3.6 లెన్స్ డిజైన్ చేశాడు, దాంతో పోర్ట్రెయిట్ టైమ్ బాగా తగ్గింది. అయినా చాలలేదు. స్టూడియోల్లో కుర్చీ వెనక ఇనప స్టాండ్ పెట్టి దాని కొక్కేన్ని మెడ వెనక బిగించేవారు. పసిపిల్లలైతే తల్లి ఒళ్లో కూర్చోబెట్టి, తల్లి మీద దుప్పటి కప్పేసేవారు. ఫోటోలో సోఫాలా కనిపించేది సోఫా కాదు, అమ్మ. పాత ఫోటోల్లో మన ముత్తాతల కాలం వాళ్లు ఎవరూ ఎందుకు నవ్వరు అని అడుగుతుంటారు. కారణాలు చాలా ఉన్నాయి, కానీ నవ్వుని అన్ని సెకన్లు ఒకేలా పట్టుకోవడం ఎంత కష్టమో ఒకసారి అద్దం ముందు ట్రై చేయండి.

మన దగ్గర కూడా ఇదే. హైదరాబాద్‌లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ లాలా దీన్ దయాళ్. ఆయన రూర్కీలో ఇంజనీరింగ్ చదివి ప్రభుత్వ ఉద్యోగం చేసి, అది వదిలేసి కెమెరా పట్టుకున్నవాడు. (ఇంజనీరింగ్ చదివి వేరే పని చేయడం మన జనరేషన్ కనిపెట్టింది కాదన్నమాట.) సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టాడు, 1892లో హైదరాబాద్‌లో పరదా పాటించే స్త్రీల కోసం వేరే స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఇంగ్లీషు మహిళ చేతికి అప్పగించాడు. ఆయన తీసిన దర్బారు ఫోటోలు చూడండి, ఒక్కొక్కటీ అద్దంలా షార్ప్. గుంపు ఫోటోలో ఒక్కడు కదిలినా అది తప్పే. రాజుగారి ఫోటోలో బ్లర్ అంటే ఉద్యోగం పోయే విషయం.

ఆ తప్పుని తప్పు అనడానికి ఒప్పుకోని మనిషి ఒకావిడ ఉంది. జూలియా మార్గరెట్ కామెరన్. పేరులోనే కెమెరా ఉన్నట్టు వినిపిస్తుంది, అది యాదృచ్ఛికం. 1815లో కలకత్తాలో పుట్టింది. తండ్రి ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. 1863 డిసెంబరులో, 48 ఏళ్ల వయసులో, కూతురూ అల్లుడూ కలిసి ఆమెకి కెమెరా కొనిచ్చారు. ఊరికే కాలక్షేపానికి. ఇంగ్లండ్‌లో ఐల్ ఆఫ్ వైట్ అనే దీవిలో ఉండేది. కోళ్ల గూడుని ఖాళీ చేయించి స్టూడియో చేసింది, బొగ్గుల గదిని డార్క్‌రూమ్ చేసింది. ఇంట్లో పనిమనుషులు, పక్కింటి పిల్లలు, ఊళ్లోకి వచ్చిన పెద్దవాళ్లు, ఎవరు దొరికితే వాళ్లని కూర్చోబెట్టేది. పక్కింటి పెద్దాయన కవి టెన్నిసన్. డార్విన్ కూడా ఆమె ముందు కూర్చున్నాడు.

మిగతా స్టూడియోలన్నీ పైకప్పు నిండా అద్దాలు పెట్టి వెలుతురు పెంచుకుంటుంటే, ఈవిడ తెరలు వేసి వెలుతురు తగ్గించింది. ఒక పక్క నుంచి కొంచెం వెలుతురు వస్తే చాలు. పైగా పెద్ద పెద్ద గాజు ప్లేట్లు, కెమెరాని మొహం దగ్గరికి తెచ్చేది. చీకటి, పెద్ద ప్లేటు, దగ్గరితనం మూడూ కలిస్తే ఎక్స్‌పోజర్ బాగా పెరుగుతుంది, కొన్నిసార్లు నిమిషాలకి చేరేది. మెడకి కొక్కెం పెట్టదు. కూర్చున్నవాళ్లు ఊపిరి తీసుకుంటారు, తల కాస్త వాలుతుంది, కళ్లు తడబడతాయి. అదంతా ప్లేటు మీద పడుతుంది. 1867లో తీసిన థామస్ కార్లైల్ ఫోటో వెతికి చూడండి. ఎదురుగా ఉన్న ఆ ముసలాయన మొహం కదిలి కరిగినట్టుంటుంది. ఎదుట ఒక పెద్ద కోపిష్టి మనిషి ఉన్నాడన్న సంగతి మాత్రం ఏ షార్ప్ ఫోటో కంటే గట్టిగా తెలుస్తుంది.

ఫోటోగ్రఫీ పత్రికలు ఆమెని ఉతికి ఆరేశాయి. ఫోకస్ చేయడం రాదు, ప్లేట్ల మీద మరకలు, ఫోటోగ్రఫీ మంచి గుణాలన్నీ వదిలేసి లోపాలన్నీ చూపిస్తోంది, ఇలా. ఆమె ఆ మాటలకి తగ్గలేదు. తన స్నేహితుడు, సైంటిస్ట్ జాన్ హెర్షెల్‌కి రాసిన ఉత్తరంలో, ఏది సరైన ఫోకస్ అని చెప్పే హక్కు ఎవరికుంది అనే అర్థంలో అడిగింది. నాకు ఈ కథ మొత్తంలో బాగా నచ్చిన ప్రశ్న ఇదే. తిట్లు తింటున్న రోజుల్లోనే, 1865లో లండన్‌లోని సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియం (ఇప్పుడు దాని పేరు విక్టోరియా అండ్ ఆల్బర్ట్) ఆమె ఫోటోలు కొన్నది. 1868లో స్టూడియోగా వాడుకోమని గదులు కూడా ఇచ్చింది. తర్వాత ఆమె కుటుంబంతో సిలోన్ వెళ్లి 1879లో అక్కడే చనిపోయింది.

ఒక మాట ఒప్పుకోవాలి. ఆమె ఫోటోల్లో ఎంత బ్లర్ కావాలని వచ్చింది, ఎంత దానంతట అదే వచ్చింది అనేది విడదీయలేం. కానీ వచ్చినదాన్ని పారేయకుండా ప్రింట్ వేసి, సంతకం పెట్టి అమ్మింది చూశారా, ఆ నిర్ణయం పూర్తిగా ఆమెదే.

చీకటికి రెండో పరిష్కారం ఫ్లాష్. 1887లో జర్మనీలో మెగ్నీషియం కలిపిన ఫ్లాష్ పౌడర్ తయారుచేశారు. న్యూయార్క్‌లో జేకబ్ రీస్ అనే పత్రికా రచయిత దాన్ని పట్టుకుని పేదల ఇరుకు గదుల్లోకి అర్ధరాత్రి వెళ్లి ఫోటోలు తీశాడు. బ్లర్ ఉండదు, అన్నీ తెల్లగా, గట్టిగా కనిపిస్తాయి. ఆ ఫోటోల వల్ల మంచే జరిగింది, ఇళ్ల చట్టాల మీద చర్చ వచ్చింది. కానీ ఆ మొహాలు చూడండి. నిద్రలో ఉండగా గదిలో పిడుగు పడితే ఎలా ఉంటారో అలా ఉంటారు. ఫ్లాష్ చీకట్లో ఉన్న మనిషిని చూపించాలంటే ముందు ఆ చీకటిని చంపాలి. పెళ్లిళ్లలో వీడియో లైటు మొహం మీద పడగానే అత్తయ్యలు కొంగు సర్దుకుంటారే, అదే.

ఇటలీలో బ్రగాలియా సోదరుల కథ చిన్నగా చెప్పి వెళ్తాను. 1911లో ఆంటన్ జూలియో, ఆర్తురో అనే అన్నదమ్ములు కదలికనే ఫోటో తీయాలని కూర్చున్నారు. నల్లటి వెనక తెర, ఎక్కువ ఎక్స్‌పోజర్, మనిషి కూర్చుని లేస్తాడు, సిగరెట్ తాగుతాడు, టైప్ చేస్తాడు. ఫోటోలో మొహం ఒక గీతలా ప్రవహిస్తుంది. తమాషా ఏంటంటే, వేగం, యంత్రం, కదలిక అని గొంతు చించుకునే ఫ్యూచరిస్ట్ పెయింటర్లే 1913లో పత్రికలో ప్రకటన ఇచ్చి, ఈ ఫోటోలకీ మాకూ సంబంధం లేదు అన్నారు. కదలికని బొమ్మ గీస్తే కళ, కెమెరాతో తీస్తే కాదట! ఇవి పోజు ఇచ్చి తీసినవి కాబట్టి క్యాండిడ్ కింద రావు, అందుకే ఇంతకంటే ఎక్కువ ఆగను.

అసలు "క్యాండిడ్" అనే మాట ఫోటోగ్రఫీలోకి వచ్చింది ఎరిక్ సాలమన్ వల్ల.

బెర్లిన్‌లో 1886లో పుట్టాడు, యూదు కుటుంబం, బ్యాంకర్ల ఇల్లు. లా డాక్టరేట్ చేశాడు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీలో డబ్బు విలువ పడిపోయి కుటుంబం ఆస్తి కరిగిపోయాక, ఒక పెద్ద పత్రికల కంపెనీ ప్రకటనల విభాగంలో చేరాడు. నలభై దాటాక కెమెరా పట్టాడు. ఆ కెమెరా పేరు ఎర్మనాక్స్. డ్రెస్డెన్‌లో ఎర్నెమన్ కంపెనీ 1924లో తెచ్చింది. దాని లెన్స్ మొదట ఎఫ్/2, తర్వాత ఎఫ్/1.8. మీ ఫోన్ మెయిన్ కెమెరా స్పెసిఫికేషన్ చూడండి, చాలావాటిలో అదే అంకె ఉంటుంది. అయితే ఆయన వాడింది గాజు ప్లేటు, ఒకసారి తీస్తే తీసి కొత్తది పెట్టాలి. ఆ ప్లేటు సెన్సిటివిటీ మన ఫోన్ సెన్సర్ దరిదాపుల్లో లేదు. అందుకే గదుల్లో పావు సెకను, అర సెకను ఎక్స్‌పోజర్లు ఇవ్వాల్సి వచ్చేది, తరచూ స్టాండ్ మీద పెట్టి.

మన లెక్క గుర్తుందా? అర సెకనుకి 15 సెంటీమీటర్లు. మరి ఆయన ఫోటోల్లో మొహాలు ఎలా నిలిచాయి? మనుషుల్ని చదివాడు కాబట్టి. మాట్లాడేవాడు మాట మధ్యలో ఒక క్షణం ఆగుతాడు. వినేవాడు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని మొద్దుబారిపోతాడు. జోకు అయిపోయాక, నవ్వు మొదలయ్యే ముందు ఒక చిన్న ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీల కోసం కాచుకుని నొక్కేవాడు. గది నిలకడగా ఉంటుంది, ఒకరి మొహం స్పష్టంగా ఉంటుంది, పక్కాయన చెయ్యో తలో కాస్త కరిగిపోయి ఉంటుంది. ఆ కరిగిన చెయ్యి వల్లే ఇది పోజు ఇచ్చిన ఫోటో కాదని చూసేవాడికి నమ్మకం కుదురుతుంది. బ్లర్ ఒక రకమైన సాక్ష్యం అయిపోయింది.

1928లో బెర్లిన్ కోర్టులో ఒక స్కూలు కుర్రాడి మీద హత్య కేసు నడిచింది. లోపల కెమెరా నిషేధం. సాలమన్ తన టోపీకి కన్నం పెట్టి అందులో కెమెరా దాచి తీశాడు. పత్రికలో పడగానే పేరొచ్చేసింది. ఇక అక్కడి నుంచి నానాజాతి సమితి సమావేశాలు, విందులు, మంత్రుల చర్చలు అన్నిచోట్లా ఆయనే. సూటూబూటూ వేసుకుని, పలు భాషలు మాట్లాడుతూ, దౌత్యవేత్తలా నడిచి వెళ్లిపోయేవాడు. 1930 జనవరిలో హేగ్ సమావేశంలో అర్ధరాత్రి దాటాక తీసిన ఫోటో ఒకటుంది: జర్మనీ, ఫ్రాన్స్ మంత్రులు కుర్చీల్లో వాలిపోయి, కళ్లు మూతలు పడుతూ. యూరప్ అప్పుల లెక్కలు తేల్చేవాళ్లు మనలాగే నిద్రకి ఆగలేరని జనం మొదటిసారి చూశారు. 1931లో పారిస్‌లో ఫ్రెంచ్ విదేశాంగ మంత్రి బ్రియాండ్, దూరంగా ఉన్న సాలమన్‌ని కనిపెట్టేసి వేలు చూపిస్తున్న ఫోటో ఇంకా ఫేమస్. ఈ ఫోటోలకే లండన్ పత్రికొకటి "క్యాండిడ్ కెమెరా" అనే పేరు పెట్టింది.

1933లో హిట్లర్ అధికారంలోకి వచ్చాక సాలమన్ భార్య పుట్టిల్లైన హాలండ్‌కి వెళ్లిపోయాడు. హాలండ్‌ని కూడా నాజీలు పట్టుకున్నాక కుటుంబం దాక్కుంది, ఎవరో పట్టించారు. 1944లో ఆష్విట్జ్‌లో ఆయన, భార్య, ఒక కొడుకు చంపబడ్డారు. ఇంకో కొడుకు అప్పటికే ఇంగ్లండ్‌లో ఉన్నాడు కాబట్టి బతికాడు. యుద్ధం అయ్యాక మిగిలిన నెగటివ్‌లని వెతికి పోగు చేసింది ఆయనే. మనం ఇవాళ ఆ ఫోటోలు ఫోన్‌లో చూడగలుగుతున్నది అందువల్లే.

ఇక్కడ నాకు ఒక ఇబ్బంది ఉంది, చెప్పేస్తాను. సాలమన్ దాచిన కెమెరాతో తీసింది ఎక్కువగా మంత్రుల్ని, జడ్జీల్ని, అధికారం ఉన్నవాళ్లని. ఇప్పుడు అదే పని మనం మెట్రోలో ఎదురుగా నిద్రపోతున్న అమ్మాయి మీద చేసి "స్ట్రీట్ ఫోటోగ్రఫీ" అని రీల్ పెడుతున్నాం. టెక్నిక్ ఒకటే అయినా రెండూ ఒకటి కావు. కోర్టు కేసులోని ఆ కుర్రాడి విషయంలో కూడా నాకు సందేహమే. చూపించి, సరే అంటేనే ఉంచుకోవడం నా పద్ధతి. మోషన్ బ్లర్‌లో మనిషి ఎవరో తెలియకుండా పోతే అది వేరే సంగతి, అలాంటివి నేనూ ఉంచుకున్నాను.

ఇప్పటిదాకా బ్లర్ వస్తే భరించినవాళ్ల కథ. కావాలని వెళ్లి తెచ్చుకున్నవాళ్లలో అలెక్సీ బ్రొడోవిచ్‌ది ముందు చెప్పాలి. రష్యా నుంచి వచ్చి న్యూయార్క్‌లో హార్పర్స్ బజార్ పత్రికకి ఆర్ట్ డైరెక్టర్ అయ్యాడు. 1935 నుంచి 1937 వరకు, నగరానికి వచ్చిన రష్యన్ బ్యాలే బృందాల్ని చిన్న 35 ఎంఎం కెమెరాతో తీశాడు. ఫ్లాష్ లేదు. స్టేజీ లైట్లు, పక్క తెరల వెనక చీకటి. డాన్సర్లు తెల్లటి పొగలా వచ్చారు, ఒక చెయ్యి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలియదు. ఫ్యాషన్ పత్రికలో పక్కాగా షార్ప్ పేజీలు వేసే మనిషి, తన సొంత ఫోటోల్ని ఇలా ఉంచుకున్నాడు. 1945లో "బ్యాలే" అనే పుస్తకంగా వేశాడు, 104 ఫోటోలు, కొన్ని వందల కాపీలే. అమ్ముడైనవి తక్కువ, పంచిపెట్టినవే ఎక్కువ. తర్వాత ఇంట్లో అగ్నిప్రమాదం జరిగి నెగటివ్‌లు కూడా పోయాయి. అయినా ఆ పుస్తకం చేతులు మారుతూ తర్వాతి తరం ఫోటోగ్రాఫర్లకి చేరింది. 1956లో విలియం క్లైన్ న్యూయార్క్ మీద వేసిన పుస్తకంలో జనం మసకగా, దగ్గరగా, మొహం మీద పడుతున్నట్టుంటారు. ఆ పుస్తకం జపాన్‌లో డైడో మొరియామా అనే కుర్రాడి చేతికి చిక్కింది.

జపాన్ భాగం నాకు చాలా ఇష్టం, ఎందుకంటే దాని పేరు. ఆ శైలిని "అరే, బురే, బోకే" అంటారు. మన "అరే" కాదండీ. జపనీస్‌లో అరే అంటే గరుకు, బురే అంటే కదిలిపోవడం, బోకే అంటే ఫోకస్ లేకపోవడం. ఫోన్ పోర్ట్రెయిట్ మోడ్‌లో వెనక మసకబార్చే ఎఫెక్ట్‌ని బోకే అంటాం కదా, ఆ మాట ఇదే.

1968 నవంబరులో టోక్యోలో "ప్రొవోక్" అనే చిన్న పత్రిక వచ్చింది. మొత్తం మూడే సంచికలు, 1969 ఆగస్టుకి అయిపోయింది. టకూమా నకహిరా మొదటి నుంచి ఉన్నాడు, మొరియామా రెండో సంచికలో చేరాడు. యూనివర్సిటీలు విద్యార్థుల సమ్మెలతో అట్టుడుకుతున్న టైమ్. అమెరికాతో భద్రతా ఒప్పందం పొడిగించొద్దని వీధుల్లో జనం. ఒకవైపు ఆర్థిక వ్యవస్థ పరుగులు, పత్రికల నిండా మెరిసే ప్రకటనల ఫోటోలు. వీళ్ల వాదన ఏంటంటే, అంత స్పష్టంగా, అందంగా ఉన్న ఫోటో మనకి అబద్ధం చెప్తోంది, లోకం అంత తేటగా లేదు అని. షింజుకు బార్లలో, రాత్రి సందుల్లో, రైళ్లలో నడుస్తూ, కొన్నిసార్లు వ్యూఫైండర్‌లో చూడకుండానే నొక్కారు. మొహాలు కళ్లు లేని మచ్చల్లా వచ్చాయి. ప్రింట్‌లో కాంట్రాస్ట్ పెంచి ఇంకా గరుకు చేశారు.

తర్వాత జరిగింది చూడండి. 1970లో జపాన్ రైల్వే "డిస్కవర్ జపాన్" అని పెద్ద ప్రచారం మొదలుపెట్టింది. పల్లెల్లో తిరిగే అమ్మాయిల ఫోటోలతో పోస్టర్లు, ఆ ఫోటోలు కూడా కదిలి, మసకగా! వ్యవస్థ మీద కోపంతో పుట్టిన బ్లర్, రెండేళ్లలో టూరిజం ప్రకటన అయిపోయింది. నకహిరాకి ఒళ్లు మండిపోయింది. ఈ శైలినే తప్పుపడుతూ 1973లో వ్యాసాల పుస్తకం వేశాడు. ఇక మీదట బొటనీ పుస్తకంలో మొక్కల బొమ్మల్లా అన్నీ స్పష్టంగా, సొంత భావం పులమకుండా తీయాలన్నాడు. ఆ రోజుల్లోనే తన పాత నెగటివ్‌లు చాలావరకు కాల్చేశాడు. మొరియామా మాత్రం అదే దారిలో దశాబ్దాలు నడిచాడు. ఇద్దరిలో ఎవరు రైట్ అంటే, నేను నకహిరా కోపాన్ని అర్థం చేసుకుంటాను గానీ నెగటివ్‌లు కాల్చడం మాత్రం మనసొప్పదు. ఇవాళ ఇన్‌స్టాలో "మోషన్ బ్లర్ ఫిల్టర్" ఒక్క ట్యాప్‌తో వేసుకుంటుంటే, ఆయన ఏమనేవాడో ఊహించొచ్చు.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న వస్తువు దగ్గరికి వద్దాం. 2018 నవంబరులో గూగుల్ పిక్సెల్ ఫోన్లకి నైట్ సైట్ వచ్చింది, 2019లో ఐఫోన్ 11తో యాపిల్ నైట్ మోడ్. ఇవి పని చేసే తీరు అందంగా ఉంటుంది, కోడ్ రాసే ఉద్యోగం చేసినవాణ్ణి కాబట్టి ముచ్చటేస్తుంది. ఒక్క పొడుగు ఎక్స్‌పోజర్ బదులు ఫోన్ వరసగా చాలా చిన్న ఫ్రేములు తీస్తుంది. వాటిని ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చోబెట్టి సగటు తీస్తే నాయిస్ తగ్గుతుంది. మనిషి కదులుతున్నాడని పసిగడితే ఒక్కో ఫ్రేము టైమ్ తగ్గించేస్తుంది. కలిపేటప్పుడు ఒక ఫ్రేములో ఏదైనా భాగం మిగతావాటితో సరిపోలకపోతే, అంటే నాయనమ్మ తల పక్కకి వెళ్లిన భాగం, దాన్ని కలపకుండా వదిలేస్తుంది. చేయాల్సింది ఒకటే అని స్క్రీన్ మీద చెప్తుంది: కదలకుండా పట్టుకోండి. ఇనప కొక్కెం పోయి అక్షరాలు వచ్చాయి.

2021లో పిక్సెల్ 6 ఇంకో అడుగు ముందుకేసింది. ఫేస్ అన్‌బ్లర్. మొహం కదులుతున్నట్టు అనిపిస్తే మెయిన్ కెమెరాతో పాటు అల్ట్రావైడ్ కెమెరా కూడా అదే క్షణంలో తక్కువ ఎక్స్‌పోజర్‌తో ఒకటి తీస్తుంది, దాంట్లోని షార్ప్ మొహాన్ని తెచ్చి ఇందులో కలుపుతుంది. 2022లో పిక్సెల్ 7తో వచ్చిన ఫోటో అన్‌బ్లర్ ఇంకా ముందుకెళ్లి, ఎప్పుడో వేరే కెమెరాతో తీసిన పాత ఫోటోల్ని కూడా మెషిన్ లెర్నింగ్‌తో షార్ప్ చేస్తుంది. మొదటిదానికి నాకు అభ్యంతరం లేదు, ఆ మొహం ఆ క్షణంలో నిజంగా అక్కడ ఉంది, ఇంకో కన్ను చూసింది. రెండోదాంట్లో ఆ వివరాలు ఏ లెన్స్‌లోంచీ రాలేదు. కళ్లు, పెదాలు మామూలుగా ఎలా ఉంటాయో నేర్చుకున్న మోడల్, ఇక్కడ ఇలా ఉండి ఉంటాయని అంచనా వేసి పూరిస్తుంది. చనిపోయిన తాతయ్య పాత ఫోటో మీద ఇది వాడితే వచ్చేది తాతయ్యా, తాతయ్యలాంటి ఎవరో ఒకరా? మీ ఇంట్లో వాడేముందు ఒరిజినల్ ఫైల్ వేరేగా దాచుకోండి, దయచేసి.

ఇంకో సరదా సంగతి: ఫేస్ అన్‌బ్లర్ వచ్చిన అదే పిక్సెల్ 6లో మోషన్ మోడ్ కూడా వచ్చింది, అది కావాలని బ్లర్ కలుపుతుంది. ఐఫోన్‌లో 2017 నుంచే లైవ్ ఫోటోని లాంగ్ ఎక్స్‌పోజర్‌గా మార్చుకునే వీలుంది. ఉన్న బ్లర్ తీసేసి, లేని బ్లర్ పెట్టే ఫోన్! తేడా ఏంటంటే ఈ కలిపే బ్లర్ సాధారణంగా వెనక బళ్ల లైట్లకీ నీళ్లకీ వెళ్తుంది, మొహం మాత్రం షార్ప్‌గా ఉండాలన్నది దాని రూలు. కామెరన్ అడిగిన ప్రశ్నకి ఫోన్ కంపెనీలు మనల్ని అడగకుండా జవాబు సెట్ చేసి పెట్టాయి.

ట్రై చేద్దాం అనుకునేవాళ్లకి: నైట్ మోడ్ ఆపేయండి. ప్రో మోడ్ ఉంటే షట్టర్ 1/8, 1/15 మధ్య పెట్టి, ఐఎస్‌ఓ తగ్గించండి. మోచేతులు గోడకో బల్లకో ఆనించండి, ఎందుకంటే గోడ షార్ప్‌గా ఉంటేనే మనిషి కదిలినట్టు తెలుస్తుంది, అన్నీ కదిలితే చెయ్యి వణికినట్టే ఉంటుంది. ఫ్రేములో ఒక్కరైనా కదలకుండా ఉండేవాళ్లని వెతకండి: బరాత్‌లో అందరూ ఎగురుతుంటే మధ్యలో నిద్రపోతున్న పిల్లాడిని భుజాన వేసుకుని నిలబడ్డ పెద్దమ్మ లాంటివాళ్లు. పది తీస్తే ఒకటి కుదురుతుంది. పెద్దమ్మకి చూపించండి, "ఇదేంట్రా ఇట్లా వచ్చింది" అంటుంది. అన్నా సరే, ప్రింట్ వేయించి ఇవ్వండి.

వచ్చే ఎపిసోడ్ ఫ్లాష్ పౌడర్ మీద. అందులో జేకబ్ రీస్ ఫోటో తీయబోయి ఒక ఇంటికి ఎలా నిప్పంటించాడో చెప్తాను.